లోపల పెద్దాయన ఉన్నారు

కింది రేవు,
గడియారాల షాపు పైగది

పిచ్చుకా,

నీ ఉత్తరం చేరింది. మూడు పేజీల్లో ఒక్క పేరా కూడా విడగొట్టలేదు. ఆ సంగతి నువ్వు వచ్చాక చూస్తాను.

మామయ్య షెడ్డు ఖాళీ చేస్తున్నాడంటే తాతయ్య పడవ అక్కణ్ణించి కదలక తప్పదు. మరమ్మతుల కోసం కాలవకి నీళ్లు కట్టేసేలోగా అది ఇక్కడికి చేరాలి. చేరకపోతే బురదలో కూర్చుని, ఎండకి పగిలి, వంటచెరుక్కి పనికొస్తుంది. నీకు ఇక్కడ కళ్లద్దాల షాపులో ఉద్యోగం దొరికింది. ఇక్కడి అద్దెలు నీకు అందవు. నా గదిలో నీకూ నాకూ ఒక్క వారం పడదు. కాబట్టి ఆ పడవే నీ ఇల్లు అన్నావు, సబబుగానే ఉంది.

అయితే వారానికి రెండు రోజులే నీకు సెలవు. అంచెలంచెలుగా తేవాలి. ప్రతి అంచెకీ పడవని ఎక్కడో ఒకచోట వదిలి బస్సెక్కి హాస్టలుకి పోవాలి. పడవ నడపడం ఎవరైనా నేర్చుకుంటారు. వదిలిపెట్టడమే విద్య. నేనూ తాతయ్యా ఈ కాలవంతా అలాగే ఆగుతూ తిరిగినవాళ్లం కాబట్టి శ్రద్ధగా చదువు.

మొదట ఇటుక బట్టీ రేవు. తర్వాత కోత మిల్లు. ఆ తర్వాత నీళ్ల పంపు హౌసు. అక్కణ్ణించి ఒక్క రోజులో ఇక్కడికి వచ్చేస్తావు. వంతెనల కింద కట్టకు, పైనుంచి లోకంలో ఉన్న చెత్తంతా పడుతుంది. లాకుల తలుపుల దగ్గర కట్టకు, తలుపు తీసినప్పుడల్లా నీళ్లు గుంజి తాళ్లు తెంపుతాయి. ముందొక మోకు, వెనకొక మోకు, రెండూ గుంజలకే కట్టాలి. చెట్లకి కాదు.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. రేవు కాపలావాళ్లు కట్టిన ప్రతి పడవ ముందూ ఒక పలక వేలాడదీస్తారు. ఖాళీ పడవైతే 'ఖాళీ' అని రాస్తారు. ఎవరైనా ఉంటే 'లోపల మనిషి' అని రాస్తారు. ఖాళీ అని రాసిన పడవ అందరి సొమ్మూ అయిపోతుంది. పక్కకి నెడతారు, సామాను పడేస్తారు, తాళం చూసి ముచ్చటపడతారు. అందుకని మేము ఎప్పుడూ ఖాళీ అనేవాళ్లం కాదు. తాతయ్య గళ్ల చొక్కా పెట్టెలో ఉంది, తీసి దండెం మీద వెయ్యి. ఆయన తోలు చెప్పులు పడవ గది తలుపు ముందు, వేళ్లు లోపలి వైపు ఉండేలా పెట్టు. కాపలా అతను అడిగితే, 'లోపల పెద్దాయన పడుకున్నారు, ఆయనకి ఎవరైనా పలకరిస్తే గిట్టదు' అని చెప్పు.

నలభై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని. అబద్ధం నా నోట రాదని నీకు తెలుసు. దీన్ని అబద్ధం పద్దులో వెయ్యను, తాళంకప్ప పద్దులో వేస్తాను. చచ్చిపోయిన మనిషికి ఈపాటి పని చెప్తే ఏమీ అనుకోడు.

నీ హాస్టల్లో ఉత్తరాలు మాయమవుతాయి కాబట్టి నువ్వు ఆగబోయే రేవులకే రాస్తాను.

అమ్మమ్మ


కోత మిల్లు రేవు

అమ్మమ్మా,

ఇదిగో పేరాలు విడగొడుతున్నాను, లెక్కపెట్టుకో.

పోయిన వారం మొదటి అంచె అయింది. ఇంజను దగ్గుతూ తుమ్ముతూ నడిచింది కానీ నడిచింది. ఇటుక బట్టీ దగ్గర కాపలా ఉన్నది ఒక సన్నటి మనిషి. ఒళ్లంతా ఎర్రటి దుమ్ము, నవ్వితే పళ్లొక్కటే తెల్లగా. నువ్వు చెప్పినట్టే చొక్కా ఆరేసి, చెప్పులు పెట్టి, తాతయ్య పడుకున్నారని చెప్పాను. చెప్తుంటే నా చెవులు కాలాయి. అతను ఏమీ అనుమానపడలేదు. పలక మీద 'లోపల మనిషి' అని రాసి, కొంచెం ఆలోచించి, 'పెద్దాయన' అని కూడా చేర్చాడు.

ఈ వారం వెళ్లేసరికి పడవ ఎక్కడ కట్టానో అక్కడే ఉంది. ఒక్క గీత పడలేదు. పక్కన ఖాళీ అని రాసిన పడవలో ఎవరో సగం ఇటుకలు పేర్చేశారు. నీ తాళంకప్ప బాగానే పనిచేస్తోంది.

కాపలా అతను మాత్రం నన్ను మందలించాడు. వారమంతా పెద్దాయన ఒక్కసారీ బయటికి రాలేదట, తిండికేం చేశారో ఏమో అని అతను హైరానా పడ్డాడట. లోపల అన్నీ ఉన్నాయిలెండి అని తప్పించుకున్నాను. నేను మోకు విప్పుతుంటే గది కిటికీ వైపు తిరిగి, 'వెళ్లొస్తారా అండీ' అని మర్యాదగా అడిగాడు. జవాబు కోసం ఆగినట్టు ఒక క్షణం నిలబడ్డాడు కూడా. పాపం అనిపించింది.

ఇప్పుడు కోత మిల్లు దగ్గర కట్టాను. ఇక్కడ కాటా దగ్గర కూర్చునే ఆవిడే రేవు కూడా చూస్తుంది. ఆవిడకీ అదే చెప్పాను. ఈసారి చెవులు కాలలేదు.

పిచ్చుక


కింది రేవు,
గడియారాల షాపు పైగది

పిచ్చుకా,

పేరాలు ఐదు, బాగున్నాయి. మోకులు ఏ వైపు కట్టావో మాత్రం రాయలేదు.

చెవులు కాలలేదని గొప్పగా రాశావు. కాలడమే మంచిది. అవసరమైనంతే చెప్పు, అలంకారాలు వద్దు. తిండి సంగతి ఎవరైనా అడిగితే కోప్పడు. కోప్పడేవాళ్లని ఎవరూ రెండో ప్రశ్న అడగరు, నా అనుభవం.

అమ్మమ్మ


పంపు హౌసు రేవు

అమ్మమ్మా,

నువ్వు మామయ్యని పంపావా? పంపితే చెప్పు, నేనేమీ అనుకోను.

నిన్న కోత మిల్లుకి వెళ్లేసరికి కాటా ఆవిడ నా మీద విరుచుకుపడింది. ముసలాయన్ని ఇంత రంపపు పొట్టులో వదిలేసి వారం రోజులు పత్తా లేకుండా పోతారా అంది. ఆయన పొద్దస్తమానం దగ్గుతూనే ఉన్నారట. మిల్లు ఆగిన ప్రతిసారీ అందరికీ వినబడిందట. కోతవాళ్లు మంచినీళ్లు తీసుకెళ్లి తలుపు దగ్గర పెడితే, మర్నాటికి గ్లాసు ఖాళీ చేసి బోర్లించి ఉందట.

నవ్వేసి ఊరుకుందామనుకున్నాను. కానీ చెప్పుల వేళ్లు బయటి వైపుకి ఉన్నాయి. నువ్వు చెప్పినట్టే లోపలి వైపు పెట్టానని ఒట్టేసి చెప్తాను. తలుపు తాళం వేసినట్టే ఉంది. లోపల పరుపు మీద మధ్యలో పల్లం పడి ఉంది. నేను ఇంకా ఆ పరుపు మీద పడుకోలేదు అమ్మమ్మా. కుర్చీలోనే కునుకు తీస్తున్నాను.

ఎవరో దొంగ దూరి ఉంటాడు, తాళానికి ఇంకో చెవి ఉండి ఉంటుంది అనుకుని, పగలుండగానే పడవ తోలుకుని ఇక్కడికొచ్చాను. దారిలో ఒకసారి దగ్గు వినబడినట్టు అనిపించింది. ఇంజనే అయి ఉంటుంది.

ఇక్కడ పంపు ఆపరేటర్ మెతక మనిషి. నేనేమీ చెప్పకముందే గది కిటికీ వైపు చూసి, 'లోపల పెద్దాయన ఉన్నారా అమ్మా?' అన్నాడు. అవునన్నాను. ఎందుకన్నానో తెలియదు. అలవాటైపోయింది.

పిచ్చుక


కింది రేవు,
గడియారాల షాపు పైగది

పిచ్చుకా,

ఈ ఉత్తరం పంపు హౌసుకి రాస్తున్నాను, నువ్వు వెళ్లగానే అందుతుంది.

మామయ్యని అడిగాను. షెడ్డు వదిలి ఎక్కడికీ రాలేదన్నాడు. ఆ పడవ తాళానికి రెండో చెవి నా దగ్గర, నా సొరుగులో ఉంది. ఇప్పుడే తీసి చూశాను.

చెప్పుల్ని కుక్కలు తిప్పుతాయి. పరుపు పాతది, పల్లం ఎప్పుడో పడి ఉంటుంది. దగ్గంటావా, అది వేరే పడవలోది అయి ఉంటుంది. నీళ్ల మీద చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందో తెలియదు. పైగా మీ తాతయ్యకి జన్మలో దగ్గు లేదు. గుండె ఆగి, ఆసుపత్రి మంచం మీద, నేను పక్కన కూర్చుని ఉండగా పోయిన మనిషి. ఎడమచేతి వాటం. ఆయన కట్టిన ముడి చూస్తే ఇట్టే తెలిసిపోయేది, అందరి ముళ్లకీ ఎదురుగా తిరిగి ఉండేది. ఎవరైనా అల్లరి చేస్తున్నారేమో ముడులు చూడు, తెలుస్తుంది.

భయపడ్డావని ఉత్తరంలో కొమ్ములే చెప్తున్నాయి, ఒక్కటీ సరిగ్గా రాయలేదు. ఒకే ఒక్క అంచె మిగిలింది. ఇప్పుడు మాట మార్చి ఖాళీ అంటే ఇంతవరకూ కాచుకున్న ఇల్లు చివర్లో దొంగలపాలవుతుంది. చెప్పిందే చెప్పు.

అమ్మమ్మ


హాస్టలు

అమ్మమ్మా,

పడవని పంపు హౌసు దగ్గరే వదిలేసి వచ్చాను. కదిలించలేదు. ఎక్కానంతే, దిగిపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆపరేటర్ నాకు ఎదురొచ్చి, గొంతు తగ్గించి, 'మీ తాతగారికి మతిమరుపా అమ్మా?' అని అడిగాడు. ఎందుకన్నాను.

'సొంత మనవరాలి పేరేమిటని నన్నడిగారు.'

రోజూ డ్యూటీ అయ్యాక కిటికీ దగ్గర నిలబడి ఆయనతో మాట్లాడేవాడట. లోపల చీకటిగా ఉంటుంది కాబట్టి మొహం ఆనలేదట. టీ గ్లాసు అందుకునే చెయ్యి మాత్రం కనబడేది. మీరు ఎక్కడికి వెళ్తున్నారని ఇతను అడిగితే, 'మీకు తెలుసా?' అని ఆయనే ఎదురడిగారట. ఇతనికి జాలేసింది. అదే సమయానికి నా పేరు మీద నీ ఉత్తరం వచ్చింది. కవరు మీద నీ పేరు చదివి వినిపించి, కింది రేవులో ఆ అమ్మాయికి అమ్మమ్మ ఉన్నారు, ఆవిడ దగ్గరికే అని చెప్పాడట. పెద్దాయన లెక్క కట్టుకుంటున్నట్టు నిదానంగా, 'అయితే ఆవిడ నాకు భార్య అవుతుంది' అన్నారట.

కవరు కిటికీలోంచి ఆయనకే ఇచ్చాడు. ఇంటివాళ్లే కదా అనుకున్నాడు, అతని తప్పేముంది.

'ఉత్తరం చూసుకున్నాక మనిషి తేరుకున్నారమ్మా,' అన్నాడు. 'అప్పట్నించి ఒక్క దగ్గు లేదు. గ్లాసు మటుకు ఎడంచేత్తో తీసుకుంటున్నారు. అలవాటు లేదేమో, సగం ఒలకబోస్తున్నారు.'

నేను వెళ్లి మోకులు చూశాను. రెండూ విప్పి మళ్లీ కట్టి ఉన్నాయి. ముళ్లు ఎదురుగా తిరిగి ఉన్నాయి. బాగా కట్టలేదు. చాలాసార్లు ప్రయత్నించినట్టు తాడు పీచు లేచిపోయింది. నీ ఉత్తరం తలుపు సందులోంచి కొంచెం బయటికి పెట్టి ఉంది, చదివేశాను తీసుకో అన్నట్టు. దండెం మీద చొక్కా మెడ దగ్గర చెమట మరక కట్టింది.

తాతయ్యేనా అమ్మమ్మా? తాతయ్యే అయితే నేను భయపడకూడదు కదా.

పిచ్చుక


కింది రేవు,
గడియారాల షాపు పైగది

పిచ్చుకా,

తాతయ్య కాదు.

తాతయ్యకి నేనెవరో ఎవరూ చెప్పనక్కర్లేదు. లెక్క కట్టనక్కర్లేదు. అది మనం చెప్పింది విని తయారైంది. ఇటుక బట్టీ దగ్గర పెద్దాయన అన్నాం, పెద్దాయన అయింది. దానికి తనంతట తనకి ఏమీ తెలియదు. నా ఉత్తరం చూసి దగ్గు మానేసి, చెయ్యి మార్చుకుంది. ఇక పడవకి గానీ పంపు హౌసుకి గానీ ఒక్క ముక్క రాయను, మాయమవకుండా హాస్టలుకే వార్డెన్ పేరు మీద పంపుతాను.

నువ్వు మళ్లీ అందులో కాలు పెట్టకు. తప్పు లెక్క ఎక్కడ వేశామో అక్కడే కొట్టెయ్యాలి. ముగ్గురు కాపలావాళ్లకీ ఈ పూటే విడివిడిగా రాశాను, ఆ పడవలో ఎవరూ లేరు, ఎప్పుడూ లేరు, పలక మీద ఖాళీ అని రాసుకోండి అని. నీళ్లు కట్టేస్తే కట్టెయ్యనీ. పగిలితే పగలనీ. ఇల్లు పోయిందని ఏడవకు, నా గదిలో ఉందువుగాని. పడకపోతే పడకపోయింది.

బస్సెక్కి వచ్చెయ్.

అమ్మమ్మ


హాస్టలు

అమ్మమ్మా,

నువ్వు వద్దన్న పని చేశాను. తిట్టు, కానీ చివరిదాకా చదివి తిట్టు.

హాస్టలు గది ఈ నెలాఖరుకి వదిలేస్తానని ఎప్పుడో రాసిచ్చేశాను. ఆ పడవ తప్ప నాదన్నది ఏమీ లేదు. ఊరికే వదులుకోలేకపోయాను. ఆపరేటర్‌కి ఎదురుగా నిలబడి నిజం చెప్పేస్తే అంతా సర్దుకుంటుందనుకున్నాను. పట్టపగలే వెళ్లాను.

నీ ఉత్తరం అతనికి ముందే చేరింది. మనిషి మొహం చిట్లించుకుని ఉన్నాడు. లోపల ఎవరూ లేరండీ, నేనే అబద్ధం చెప్పాను, మా తాతయ్య ఎప్పుడో పోయారు అన్నాను. అతను నన్ను కిందికీ మీదికీ చూశాడు.

'ముసలాయన్ని వదిలించుకోవాలంటే ఇంకో దారి చూసుకోండమ్మా. బతికున్న మనిషిని చంపకండి.'

ఇటుక బట్టీ నుంచి కూడా అతనికి కబురొచ్చిందట, ఆ ఇంటి ఆడవాళ్లు పెద్దాయన్ని రేవుల్లో వదిలేస్తున్నారు, కాస్త చూసుకోమని. కోత మిల్లు ఆవిడ దుప్పటి పంపింది. అబద్ధం నాలుగు మాటల్లో నమ్మారు అమ్మమ్మా. నిజం చెప్తుంటే ఒక్కరూ నమ్మట్లేదు.

నేను చూపిస్తాను రండి అని పడవ ఎక్కాను. చెప్పులు బయట విడిచాను, మన ఇంటి అలవాటు. ఉక్కగా ఉందని ఆకుపచ్చ స్వెట్టరు తీసి దండెం మీద వేశాను. తాళం తీయబోతుంటే లోపల్నించి గొంతు వినబడింది. ఆపరేటర్‌తో అంటోంది, నాతో కాదు.

'తిట్టకండి. చిన్నపిల్ల, అలిసిపోయింది. లోపలికొచ్చి పడుకోమనండి.'

తాతయ్య గొంతు నాకు బాగా గుర్తు లేదు. కానీ అది ఎవరి గొంతూ కాదు. మాటలు సరిగ్గానే ఉన్నాయి, వెనకాల మనిషి లేడు. వట్టి కాళ్లతో గట్టు మీదికి దూకి రోడ్డు దాకా పరిగెత్తాను. చెప్పులూ, స్వెట్టరూ అక్కడే ఉండిపోయాయి.

సోమవారం బస్సుకి వస్తున్నాను. ఇల్లూ వద్దు, ఏమీ వద్దు.

పిచ్చుక


కింది రేవు,
గడియారాల షాపు పైగది

పిచ్చుకా,

సోమవారం రావద్దు. నేను మళ్లీ రాసేదాకా హాస్టలు వదలకు. వార్డెన్‌తో ఇంకో నెల ఉంటానని చెప్పు, నా మాటగా చెప్పు.

పడవ వచ్చేసింది.

ఈ పొద్దున రేవు గుమాస్తా మెట్లెక్కి వచ్చి, మీ వాళ్లొచ్చారండీ అన్నాడు. నీ ఉత్తరం అప్పుడే చదివి మడత పెడుతున్నాను. ఎవరు తెచ్చారని అడిగాను. మీ ఆయన అన్నాడు, కొత్తగా ఈ రేవుకి వచ్చిన మనిషి, అతనికేం తెలుసు. పెద్దాయన చక్కగా ఒడ్డుకి చేర్చి, మోకులు ఎడంచేత్తో కట్టి, ఇతను పలక పట్టుకు వెళ్తే కిటికీలోంచే చెప్పారట.

'లోపల మా మనవరాలు పడుకుంది. లేపకండి.'

నేను వెళ్లి చూశాను. దండెం మీద గళ్ల చొక్కా లేదు. నీ ఆకుపచ్చ స్వెట్టరు ఉంది. తలుపు ముందు నీ చెప్పులు, వేళ్లు లోపలి వైపు. తోలు చెప్పులు ఎక్కడా లేవు. పెద్దాయన దిగడం ఎవరూ చూడలేదు. గట్టు మీద కూరలమ్మే ఆవిడ తెల్లారినప్పట్నించీ అక్కడే ఉంది, ఆవిడా చూడలేదు. ఒకరు దిగి ఇంకొకరు పడుకోలేదు, పిచ్చుకా. ఉన్నది ఒక్కటే.

తలుపు మీద కొట్టాను. 'వస్తున్నా అమ్మమ్మా' అంది. నీ గొంతే. ఎక్కడా తేడా లేదు. కాకపోతే నువ్వు ఒక్క పిలుపుకి పలికినదానివి కావు.

ఇది నా పేరు చెప్పుకుని వస్తే నాకేమీ నష్టం లేకపోయేది. నీ పేరు చెప్పుకుని వచ్చింది. అప్పుడే గుమాస్తా కూరలావిడతో అంటున్నాడు, టీచరుగారి మనవరాలు వచ్చింది, కళ్లద్దాల షాపులో చేరుతుందట అని. ఉద్యోగం సంగతి వాళ్లకి చెప్పుకున్నది నేనే. వారం తిరిగేసరికి ఈ రేవంతా నిన్ను చూశామంటుంది. అప్పుడు నువ్వు బస్సు దిగితే, నువ్వెవరని అడుగుతారు. నిజం చెప్తే ఏమవుతుందో పంపు హౌసు దగ్గర చూశావు.

అందుకని నేను ఎక్కుతున్నాను.

కంగారు పడకు. బాగా ఆలోచించే చేస్తున్నాను. దానికి మనం చెప్పిందే తెలుసు, కాదనేవాళ్లు పక్కన లేకపోబట్టే పెరిగింది. నేను పక్కన కూర్చుంటాను. మనవరాలినంటే కాదంటాను. అమ్మమ్మా అంటే నీకు నేను ఏమీ కానంటాను. ఏ మాట ఎత్తినా కొట్టేస్తాను. తప్పు లెక్కలు కొట్టేయడం నాకు కొత్త కాదు, మొండి పిల్లలూ కొత్త కాదు. ఏమీ మిగలకపోయేదాకా కూర్చుంటాను. కళ్లజోడు, మందులు, దుప్పటి, రొట్టె తీసుకున్నాను. నీ ఉత్తరాలన్నీ కింద గడియారాలాయన ఇనప్పెట్టెలో పెట్టించాను, నీ గురించి దానికి ఇంకో ముక్క దొరక్కూడదు.

పడవ ఇంకా నీదే. ఖాళీ అయిందంటే రాస్తాను, అప్పుడు వచ్చి కాపురం పెట్టుకో. ఆ ఉత్తరంలో నిన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటాను. ముద్దుగా పిలిచి రమ్మని రాసి ఉంటే మాత్రం, ఎంత నా చేతిరాతైనా సరే, కదలకు.

గుమాస్తా పలక పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. ఏం రాయమంటారండీ, మనవరాలు అనే కదా అని అడిగాడు. తుడిపించాను. 'లోపల మనిషి. ముసలావిడ. ఆవిడ తప్ప ఎవరూ లేరు' అని దగ్గరుండి రాయించాను. చివరి మాట రాసే ముందు అతను నా మొహం చూశాడు. రాయమన్నాను. అది నిజమయ్యేదాకా నేను దిగను.

ఈ కవరు అతని చేతికే ఇస్తున్నాను, మధ్యాహ్నం టపాలో వేస్తాడు.

అమ్మమ్మ